అభిజ్ఞానము, భారము: వలస సాహిత్యమున వస్తువు

తెలుగున 'వస్తువు' అను మాటకు రెండర్థములు కలవు. ఇంటిలోని పదార్థము వస్తువు; కావ్యములోని ఇతివృత్తమును వస్తువే. తక్కిన సాహిత్యమున ఈ రెండర్థములును వేర్వేరుగా ఉండును. వలసను గూర్చిన సాహిత్యమున మాత్రము అవి తరచుగా ఒక్కటియగును. దేశము విడుచువాడు వేనిని వెంట గొనిపోవలెను, వేనిని విడిచిపోవలెను, చేరినచోట వేనిని సంపాదింపవలెను అను మూడు నిర్ణయములు చేయక తప్పదు. ఈ నిర్ణయములు పైకి సంసారపు లెక్కలుగా తోచును. కాని ఆ లెక్కలలోనే వాని భయము, ఆశ, అభిమానము, అపరాధభావము దాగియుండును. వానిని పైకి దీయగలిగినవాడు కథకుడు. దీయలేనివాడు సామాను జాబితా వ్రాసినవాడు.

వలస మనుష్యునకు సొత్తుపై మమకారమును పెంచునా, తగ్గించునా అను ప్రశ్నకు లోకమున రెండు సమాధానములు ప్రచారములో నున్నవి. విదేశమునకు బోయినవాడు సంపాదనపరుడై వస్తువ్యామోహమున బడునని ఒకటి. ఊరు విడిచి ఊరు తిరుగుటచే వానికి నిర్మమత్వ మలవడునని రెండవది. రెండును సగము సత్యములే. మంచి రచయితలు ఈ ప్రశ్నకు నేరుగా సమాధానము చెప్పలేదు. వారు చూపినది వేరు: వలసలో వస్తువునకు గల మమకారము పెరుగుట తరుగుటలకంటె ముందు, ఆ వస్తువు చేయు పనియే మారిపోవును. అది ఉపకరణముగా నుండుట మాని సాక్షియగును. సాక్షికి విలువ కలుగవలెనన్నచో వినువాడు ఉండవలెను. ఆ వినువాడు లేని దినమున ఆ వస్తువు గతి యేమి? ఈ ప్రశ్నయే ఈ సాహిత్యమునకు ప్రాణము.

మన కావ్యపరంపరకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. దానికి మన పెద్దలు పెట్టిన పేరు అభిజ్ఞానము. రామాయణమున హనుమంతుడు సముద్రము దాటి గొనిపోయిన ఉంగరము, సీత ఇచ్చి పంపిన చూడామణి, అంతకుముందు ఆమె ఋశ్యమూకముపై జారవిడిచిన నగలమూట ఆ జాతికి చెందినవి. అశోకవనమున ఆ ఉంగరము అలంకారము కాదు; దానిని తూచి వెలకట్టు కంసాలి అచ్చట లేడు. నగలమూట విప్పినపుడు లక్ష్మణుడు కాలి అందెలను మాత్రమే గుర్తించెనని వాల్మీకి చెప్పిన సంగతి మరింత గమనింపదగినది. నిత్యము పాదములకు నమస్కరించిన మరిదికి తెలిసినది అంతే. అనగా ఒక వస్తువు ఎంత చెప్పగలదన్నది వస్తువులో లేదు, గుర్తించువాని సంబంధములో నున్నది. కాళిదాసుని శాకుంతలమున చేపకడుపులో దొరకిన ఉంగరము జాలరివానికి అమ్మకపుసరుకు, రాజునకు గుండెకోత. వస్తువొక్కటే, కన్నులు రెండు.

ఆధునిక భారతీయ సాహిత్యమున ఈ అభిజ్ఞానమును మొట్టమొదట సామాన్యుని చేతికిచ్చిన కథలలో రవీంద్రనాథ ఠాకూరు 1892లో వ్రాసిన 'కాబూలీవాలా' ముఖ్యమైనది. ద్రాక్షలు, బాదములు అమ్ముకొనుచు కలకత్తా వీధులలో తిరుగు రహమత్ పరదేశి. వాని మూటనిండ సరుకే. కాని ఆ సరుకేదియు వానిది కాదు, అమ్ముడుపోవుటకే ఉన్నది. వానిదని చెప్పదగినది ఒక్కటే: అంగీలో గుండెకడ దాచుకొన్న మాసిన కాగితపు ముక్క. దానిపై కూతురి చిన్నచేతికి మసిపూసి అద్దిన గుర్తు. అది చిత్తరువు కాదు, ఛాయాచిత్రము కాదు. డబ్బు పెట్టి చేయించినది అసలే కాదు. ఆ కాగితమును బయటకు దీసిన క్షణమున కథ చెప్పు తండ్రికి తనకును ఆ వర్తకునకును భేదము లేదని తోచును. అంతటితో ఆగక ఠాకూరు ఆ గుర్తింపునకు వెల కట్టించినాడు. తండ్రి రహమత్‌నకు దారిఖర్చులకై సొమ్మిచ్చి, కూతురి పెండ్లిలో దీపాలంకారమును, బ్యాండుమేళమును తగ్గించుకొనును. ఇంటివారి ఆడంబరము కొంత తగ్గి పరదేశి ప్రయాణమైనది. జాలి వేరు, గుర్తింపు వేరు అని ఈ చిన్న లెక్క చెప్పుచున్నది. జాలి కంటినీటితో తీరిపోవును. గుర్తింపు తన సొత్తులో కొంత విడిచిపెట్టించును.

ఠాకూరు కథలో గుర్తించువాడు కథలోనే ఉన్నాడు. ఝుంపా లాహిరి కథలలో ఆ అదృష్టము సందేహాస్పదము. 1999లో వెలువడి మరుసటి యేడు పులిట్జర్ బహుమానము పొందిన 'ఇంటర్‌ప్రిటర్ ఆఫ్ మ్యాలడీస్' సంపుటమున 'మిసెస్ సేన్స్' అను కథ కలదు. అమెరికాలో గణితాచార్యుని భార్యయైన ఒక బెంగాలీ గృహిణి, బడి విడిచిన పిమ్మట ఎలియట్ అను పదునొకండేండ్ల బాలుని తన యింట చూచుకొనుచుండును. ఆమె ప్రతిదినము నేలపై కాగితములు పరచి, స్వదేశమునుండి తెచ్చుకొన్న కత్తిపీట ముందు కూర్చుండి కూరలు తరుగును. కలకత్తాలో పెండ్లి జరుగునపుడు ఇరుగుపొరుగు ఆడువారందరు తమతమ కత్తిపీటలతో మిద్దెపై చేరి, తెల్లవారుదనుక మాటలాడుకొనుచు కూరలు తరుగు సంగతి ఆమె ఆ బాలునికి చెప్పును. ఇచ్చట కత్తిపీట ఒంటరిది. పని అదియే, చేతివాటము అదియే. చుట్టునున్న గొంతుకలు లేవు. బాలుని తల్లి వచ్చువేళకు తొక్కలు ఎత్తివేసి, కత్తిపీట కడిగి తుడిచి, మడిచి అలమరలో దాచబడును. ఇంటిలో రాణివలె వెలిగిన పనిముట్టు పరాయి కంటబడకుండ దాగవలసివచ్చినది.

ఈ కథలోని నేర్పు దృష్టికోణములో నున్నది. ఎలియట్ కత్తిపీటను ఎన్నడును చూచినవాడు కాడు. ఓడ ముందుభాగమువలె వంగిన ఆ అలుగు వానికి వింత. తెలుగు పాఠకుడు 'కత్తిపీట' యని పేరు పెట్టుకొని ముందుకు సాగిపోవును. ఆ బాలుడు అట్లు సాగలేడు. పేరు తెలియనందున అతడు చూడవలసివచ్చినది. అతనితో పాటు మనమును మన యింటి కత్తిపీటను మొదటిసారి చూతుము. ఆమె ఒకనాడు సొరుగులు లాగి పట్టుచీరలు పడవేయుచు, వీనిని తానెన్నడు కట్టినదని వాపోవును. అప్పుడును అర్థము చెప్పు వ్యాఖ్యాత అచ్చట లేడు. కడపట ఆమె కారు నడుపబోయి ప్రమాదము జరిగిన పిమ్మట, బాలుని మెడలో అతని యింటి తాళపుచెవి వ్రేలాడును. ఒంటరితనము పరదేశపు స్త్రీకి మాత్రమే కాదు, ఆ దేశపు బిడ్డకును కలదని ఆ చిన్న ఇనుపముక్క చెప్పినది. రచయిత్రి ఆ మాట చెప్పలేదు.

అదే సంపుటములోని 'వెన్ మిస్టర్ పీర్జాదా కేమ్ టు డైన్' అను కథ 1971 నాటిది. ఢాకాలో భార్యను, ఏడుగురు కూతుళ్లను విడిచి అమెరికాకు పరిశోధనకై వచ్చిన పీర్జాదా, పదేండ్ల లిలియా యింట రాత్రి భోజనమునకు కూర్చున్నపుడు ఒక జేబుగడియారమును దీసి బల్లపై పెట్టుకొనును. అది ఢాకా కాలమును చూపును. అతని చేతి గడియారము అమెరికా కాలమును చూపును. అతడు ఒక కాలమున భుజించుచు వేరొక కాలమున బ్రతుకుచున్నాడు. అతడు తెచ్చియిచ్చిన మిఠాయిలను లిలియా గంధపుచెక్క భరిణెలో దాచి, ఆ కూతుళ్ల క్షేమమునకై రాత్రివేళ ఒక్కొక్కటి నోట వేసికొని ప్రార్థించును. యుద్ధము ముగిసి, అతడు స్వదేశము చేరి, బిడ్డలందరును క్షేమమని జాబు వ్రాసిన పిమ్మట ఆమె మిగిలిన మిఠాయిలను పారవేయును. వలస సాహిత్యమున వస్తువులను దాచిన కథలు వేలకొలది కలవు. పారవేయుట ఔచిత్యమైన కథలు అరుదు. అభిజ్ఞానము పని తీరిన పిమ్మట దానిని విడుచుటయు ఒక సంస్కారమే. పుణ్యకార్యము ముగిసినపుడు మన యిండ్లలో పసుపు గణపతికి ఉద్వాసన చెప్పుట లేదా?

ఉద్వాసన చెప్పుటకు వీలులేని వస్తువులు వేరు కలవు. వానిని వి. ఎస్. నైపాల్ చూపినాడు. ట్రినిడాడ్ దీవికి భారతీయ ఒప్పందపు కూలీలతో మొదటి నావ 1845లో చేరినది. 1917లో ఆ పద్ధతి నిలిచిపోవు దనుక వేలకొలది జనము బోయిరి. ఆ సంతతివాడైన నైపాల్ 1964లో ప్రకటించిన 'యాన్ ఏరియా ఆఫ్ డార్క్‌నెస్' ఆరంభభాగమున తన అమ్మమ్మ యింటిలోని భారతదేశమును వర్ణించినాడు. ఆ దేశము మనుష్యులలోకంటె సామానులలో నున్నది: ఇత్తడి పాత్రలు, చాపలు, దేవతల పటములు, పూజాసామగ్రి, పాడైన హార్మోనియము. వానిలో అన్నిటికంటె మరపురానిది నులకమంచము. నులక తెగినది, తిరిగి అల్లు కులవృత్తివాడు ఆ దీవిలో లేడు. కనుక అది పడుకొనుటకు పనికిరాదు; అయినను పారవేయబడక చోటు ఆక్రమించుకొని యున్నది.

ఆ నులకమంచము ఒక సిద్ధాంతమునకు సమానము. వస్తువు సముద్రము దాటగలదు. దానిని బాగుచేయు చేయి దాటలేనిచో ఆ వస్తువు చచ్చినట్లే. శవమును మాత్రము ఇంటివారు కాపాడుకొనుచుందురు. సంస్కృతి వస్తువులలో నున్నదని భ్రమించువారికి ఇంతకంటె గట్టి హెచ్చరిక లేదు. సంస్కృతి నులకలో లేదు, నులక అల్లు వ్రేళ్లలో నున్నది. భాషకును ఇది వర్తించును. ప్రవాసాంధ్రుల యింట తెలుగు పుస్తకముల బీరువా ఉండవచ్చును. చదువు బిడ్డ లేని దినమున ఆ బీరువా నులకమంచమే.

నైపాల్ అంతకుముందే 1961లో 'ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిస్వాస్' నవలలో సంపాదించిన వస్తువుల కథను చెప్పియుండెను. మోహన్ బిస్వాస్ ట్రినిడాడ్‌లోనే పుట్టినవాడు. అతనికి విడిచివచ్చిన ఊరు లేదు, చేరిన ఊరును లేదు. తులసీల ఉమ్మడియింట అల్లుడుగా, పరుల యిండ్లలో అద్దెకున్నవాడుగా తిరుగుచు, ఒక్కొక్క సామానును కూర్చుకొనును. ప్రతి మార్పునకును ఆ సామాను బండిపై ఎక్కి, దిగి, కొంచెము విరిగి, కొంచెము రంగు మారును. టోపీలు లేని యింటిలో టోపీలు తగిలించు స్టాండు ఉండును. 'ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు' అను మన సామెత అతని జీవితముపై పూర్తిగా చెల్లినది. తుదకు కొన్న ఇల్లు అప్పులపాలు, లోపములపుట్ట. నలువదియారేండ్లకే అతడు చనిపోవును. అయినను స్వంత కప్పు క్రింద చనిపోవుటయే అతని విజయమని నవల మనలను ఒప్పించును.

ఈ నవలను వస్తువ్యామోహమునకు వ్యంగ్యముగా చదువుట పొరపాటు. నైపాల్ నవ్వుచునే యున్నాడు, కాని ఆ నవ్వు ఇంటిని కోరిన మనుష్యునిపై కాదు. కూతురు సావీకి బిస్వాస్ తన నెలజీతమునకు మించి వ్యయపరచి ఒక బొమ్మరిల్లు కొనితెచ్చిన ఘట్టము దీనికి నిదర్శనము. అందరి బిడ్డలకును సమానముగా పంచు ఉమ్మడియింట ఒక బిడ్డకు మాత్రమే చెందిన వస్తువు తిరుగుబాటుతో సమానము. ఆ యింటి కన్నెఱ్ఱకు తాళలేక తల్లి శ్యామయే దానిని విరుగగొట్టవలసివచ్చినది. సొత్తు అనగా లోభమని తలచువారు ఈ ఘట్టమును మరల చదువవలెను. మూలము కోల్పోయినవారి సంతతికి 'ఇది నాది' అను మాట లోభము కాదు. 'నేనున్నాను' అనుటకు వారికి దొరకిన మొదటి వాక్యము.

విడిచివచ్చిన వస్తువు సంగతి దేశవిభజన సాహిత్యమున మిక్కిలి తీవ్రముగా కానవచ్చును. ఇంతిజార్ హుస్సేన్ 1979లో ఉర్దూలో వెలువరించిన 'బస్తీ' నవలలో జాకిర్ కుటుంబము రూప్‌నగరమును విడిచి పాకిస్తాన్ చేరినది. ఇల్లు అక్కడనే ఉండిపోయినది. తాళపుచెవులు మాత్రము ఇక్కడికి వచ్చినవి. తల్లి ఆ యింటి కొట్టుగదిలోని సామానును, దానికి చెదపట్టునేమో అను చింతను ఏండ్లతరబడి మోయును. తండ్రి మరణకాలమున ఆ చెవులగుత్తిని కుమారునకు అప్పగించును. ఆ తలుపు వారికిక తెరువబడదు. అయినను అది అప్పగింతయే, న్యాసమే. చెవి తెరువదగిన తలుపు లేనపుడు అది చరిత్రయగును. మోయువానికి మాత్రము బరువు తగ్గదు.

తెలుగువారి చరిత్రలో ఇట్టి తాళపుచెవులు లేకపోలేదు. 1860 నవంబరు 16న మద్రాసునుండి నాటాల్ చేరిన 'ట్రూరో' నావలో తెలుగు కూలీలు కలరు. మారిషస్ దీవికి కోరంగి రేవునుండి బోయినవారిచే ఆ రేవుపేరే జనమునకు పేరైనది. రంగూనునకు ఉత్తరాంధ్రమునుండి, గోదావరి మండలములనుండి రేవుపనులకు, మిల్లులకు బోయినవారి సంఖ్య అపారము. 1941 డిసెంబరులో రంగూనుపై బాంబులు పడిన పిమ్మట వేలకొలది భారతీయులు మూటలతో బయలుదేరి, అడవిదారులలో మూటలను ఒక్కొక్కటిగా విడుచుచు నడిచివచ్చిరి. 1964లో బర్మా ప్రభుత్వము దుకాణములను జాతీయము చేసి, ఏబది, నూరు చట్‌ల నోట్లను రద్దుచేసినపుడు జీవితకాలపు సంపాదన కాగితమైపోయినది. విశాఖపట్నమున 'బర్మా క్యాంపు' అను పేట పేరు నేటికిని ఆ తిరుగుప్రయాణమునకు గుర్తు. ఇంతటి అనుభవమునకు తగిన తెలుగు నవల ఏది అని అడిగినచో సమాధానము తడబడును. అమితావ్ ఘోష్ 2000లో ఆంగ్లమున 'ది గ్లాస్ ప్యాలెస్' వ్రాసి బర్మా భారతీయుల ఆ నడకను నవలకెక్కించినాడు. మనవారి మూటలు మాత్రము చాలవరకు విప్పబడకయే యున్నవి.

నేటి తెలుగు ప్రవాస కథ విశేషముగా అమెరికాను గూర్చినది. ఆ దేశపు 1965 నాటి వలసచట్టము తలుపు తెరచిన పిమ్మట బోయిన విద్యావంతుల కథలు సంకలనములుగా వెలువడినవి. వానిలో కొన్ని మేలైనవి. కాని ఒక దోషము వ్యాపించియున్నది. ఆవకాయ జాడీ, గోంగూర, పట్టుచీర, కొండపల్లి బొమ్మ అను నాలుగింటిలో ఏదో ఒకటి కథలో ప్రవేశించిన వెంటనే కన్ను చెమర్చవలెనని రచయిత ఆశించుచున్నాడు. పాఠకుడు ముందే గుర్తించునని అతని నమ్మకము. అలంకారశాస్త్రపు మాటలలో చెప్పవలెనన్నచో, వస్తువు ఉద్దీపనముగా మాత్రమే మిగిలి, ఆలంబనము లోపించినది. చంద్రుడు, మలయమారుతము ఉన్నంతమాత్రమున శృంగారము పుట్టదు, నాయిక ఉండవలెను. జాడీ ఉన్నంతమాత్రమున వియోగము పుట్టదు. ఆ జాడీకై ఎవరు ఏమి కోల్పోయిరో కథలో జరుగవలెను.

విమానమున ప్రయాణికునకు సాధారణముగా 23 కిలోల పెట్టెలు రెండు అనుమతింతురు. ఈ నియమము ఒక ఛందస్సువంటిది. పద్యమున గణము మించరాదన్నపుడు కవికి ఏ మాట ముఖ్యమో తేలును. పెట్టె తూకము మించరాదన్నపుడు ఏ వస్తువు ముఖ్యమో తేలును. తూకపుయంత్రము కడ పెట్టె మరల తెరచి, తల్లి పెట్టిన పచ్చడి తీయవలెనా, తాను కొన్న పుస్తకము తీయవలెనా అను క్షణమున ఒక కుటుంబచరిత్ర అంతయు పైకి వచ్చును. మన కథకులు పెట్టెలో ఉంచినదానిని వర్ణించుచున్నారు; తీసివేసినదానిని గూర్చి మౌనము వహించుచున్నారు. తీసివేసినదే పలుమారులు కథ.

గల్ఫ్ వలసలో ఈ క్రమము తలక్రిందులు. అచ్చట మనుష్యునికంటె ముందు వస్తువే ఇల్లు విడుచును: వీసా ఖర్చులకై భార్య మెడలోని బంగారము తాకట్టునకు బోవును, పిదప భర్త విమానమెక్కును. 1970ల నాటినుండి కరీంనగరము, నిజామాబాదు, కడప మొదలగు మండలములనుండి బోయినవారి యిండ్లలో ఈ కథ తెలియనివారు లేరు. మలయాళమున బెన్యామిన్ 2008లో 'ఆడుజీవితమ్' వ్రాసి, ఎడారిలో గొఱ్ఱెలకాపరిగా చిక్కుకొన్న నజీబ్‌నకు ఇంటినుండి తెచ్చుకొన్న ఊరగాయ ఏమైనదో చూపినాడు. ఆ ఊరగాయ జ్ఞాపకమునకు అలంకారము కాదు. ఎండురొట్టె మ్రింగుటకు ఆధారము. ఒకే ఊరగాయ ఒకచో బెంగ, వేరొకచో ప్రాణాధారము. ఈ భేదమును వర్గభేదమని పిలిచినను తప్పులేదు. దీనిని విస్మరించిన ప్రవాస కథ సగము దేశమునకే చెందినది.

ఇందువలన వస్తువులను కథలనుండి వెలివేయవలెనని తాత్పర్యము కాదు. వస్తువును కథలోనికి తెచ్చు రచయిత మూడు ప్రశ్నలకు సిద్ధపడవలెను. ఇది ఇప్పుడు ఏ పనికి వచ్చుచున్నది? దీనిని తెచ్చుటకు ఎవరు వెల చెల్లించిరి? దీనిని గుర్తించువాడు ఎవడు? రహమత్ కాగితము మూడవ ప్రశ్నకు నిలిచినది. బిస్వాస్ ఇల్లు రెండవదానికి నిలిచినది. సేన్‌గారి యిల్లాలి కత్తిపీట మొదటిదానికి నిలిచినది. అది జ్ఞాపకచిహ్నము కాదు, దినదినమును కూర తరుగుచున్న కత్తిపీట.

మూడు ప్రశ్నలలో చివరిది నేటి తెలుగు రచయితకు అత్యవసరమైనది. ప్రవాసమున పుట్టిన రెండవ తరము తల్లిదండ్రుల పెట్టెలను తెరచు కాలము వచ్చియున్నది. ఇచ్చట పల్లెలలో తాళము వేసిన యిండ్లలో పెద్దల సామాను ఎవరిదో తేలక యున్నది. ఆ బిడ్డలు లక్ష్మణునివలె అందెలనైన గుర్తింతురా, లేక జాలరివానివలె బంగారమును మాత్రము తూతురా అన్నది వస్తువుపై ఆధారపడదు. ఆ వస్తువుతో పాటు వారికి ఏ మాట అందినది అన్నదానిపై ఆధారపడును. ఆ మాటను అందించుట సాహిత్యము పని. దానిని కొట్టుగదికి అప్పగింపరాదు.